బడి లేని పల్లె బాలుడు – బెనీటో హువారెజ్ జీవితము

ఇంట మాటలాడు భాష ఒకటి, అంగడిలో వినబడు భాష మరియొకటి, కచేరీలో కాగితములు నడుచు భాష వేరొకటి అయినప్పుడు చదువు ఎంత బరువగునో మన పాఠశాల బాలబాలికలకు వేరుగా చెప్పనక్కరలేదు. అది వారికి అనుభవమే. అట్టి బరువును మనకంటె ఎన్నో రెట్లు అధికముగా మోసిన యొక బాలుని చరిత్రమును ఇచట చెప్పబూనితిని. అతడు పుట్టిన పల్లెలో బడి లేదు. అతని తల్లిభాషలో పాఠము చెప్పు బడి అతనికి జీవితములో ఎన్నడును దొరకలేదు. పన్నెండేండ్లు నిండువరకు ఆ దేశపు రాజభాష అతనికి సరిగా రాలేదు. తల్లిదండ్రులు లేరు, ధనము లేదు, అండ లేదు. అట్టి బాలుడు పెద్దవాడై ఐదేండ్లు తన రాష్ట్రమును పాలించెను. ఆ తరువాత పదునాలుగేండ్లు తన దేశమునకు అధ్యక్షుడై యుండెను. ఆయనయే మెక్సికో దేశపు బెనీటో హువారెజ్.

భూగోళ పటమును తెరచి చూడుడు. ఉత్తర అమెరికా ఖండములో అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణముగా మెక్సికో కనబడును. ఆ దేశపు దక్షిణ భాగమున, పసిఫిక్ మహాసముద్రపు తీరమున, ఒహాకా అను రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రములో చదునైన నేల తక్కువ, కొండలెక్కువ. ఒక లోయకును మరియొక లోయకును నడుమ ఎత్తయిన పర్వతములు అడ్డు నిలిచియుండుటచేత ఒక్కొక్క లోయలో ఒక్కొక్క భాష నిలిచిపోయినది. సాపోటెక్, మిక్స్‌టెక్, మిహే, చినాన్‌టెక్, మసాటెక్ మున్నగు జాతులవారు అచట అనాదిగా నివసించుచున్నారు. వీరిలో సాపోటెక్కులు మిక్కిలి ప్రాచీనులు. క్రీస్తునకు సుమారు 500 ఏండ్ల పూర్వమే వీరు మోంటే అల్బాన్ అను గిరినగరమును నిర్మించిరి. రాళ్లపై అక్షరములు చెక్కిరి. అమెరికా ఖండములో లిపిని మొదట కనుగొన్న జాతులలో వీరొకరు.

క్రీ.శ. 1521వ సంవత్సరము నాటికి స్పెయిన్ దేశస్థులు మెక్సికోను జయించిరి. నాటినుండి మూడు వందల ఏండ్లు వారి పాలన సాగెను. న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగము, విద్య అన్నియు స్పానిషు భాషలోనికి పోయెను. ఒకనాడు లిపిని కనుగొన్న వారి సంతతి చేతికి పలక కూడ రాలేదు. కొండలమీది పల్లెలలో మొక్కజొన్న పండించుకొనుచు, గొర్రెలను కాచుకొనుచు వారు కాలము గడుపుచుండిరి.

అట్టి పల్లెలలో గెలటావో ఒకటి. చుట్టును కొండలు, నడుమ ఒక చిన్న కొలను, దాని దరిని ఇరువది కుటుంబములైనను నిండుగా లేని యొక కుగ్రామము. అందు 1806వ సంవత్సరము మార్చి 21వ తేదీన బెనీటో జన్మించెను. తండ్రి మార్సెలీనో హువారెజ్, తల్లి బ్రిగీడా గార్సియా. ఇరువురును సాపోటెక్ జాతికి చెందిన సేద్యగాండ్రు. బాలునకు మూడేండ్లయినను నిండకమునుపే తల్లిదండ్రులు గతించిరి. అతనిని అక్కలను తాతయు అవ్వయు చేరదీసిరి. కొన్ని యేండ్లకు వారును కాలము చేసిరి. అక్కలు పెండ్లియై అత్తవారిండ్లకు వెడలిరి. పిమ్మట బెనీటో పినతండ్రి బెర్నార్డీనో ఇంట చేరి, అతని గొర్రెలను కాచుచు, పొలము పనులు చేయుచు పెరుగుచుండెను.

ఆ పినతండ్రి బీదవాడు. అయినను కొద్దిగా స్పానిషు ఎరిగినవాడు. ఆ భాష రానివానికి లోకములో గతి లేదని అతడు గ్రహించియుండెను. పని తీరిన వేళల బాలుని కూర్చుండబెట్టి ఆ అక్షరములను నేర్ప ప్రయత్నించెడివాడు. చదువు మీది ఆసక్తిచేత బెనీటో పాఠమునకు వచ్చునప్పుడు, తాను తప్పు చెప్పినచో కొట్టుటకై కొరడాను తానే వెంట తెచ్చి పినతండ్రి చేతికిచ్చెడివాడట. కాని పొలము పనులలో ఇరువురకును తీరిక చిక్కెడిది కాదు. ఎన్ని నెలలు గడచినను చదువు ముందుకు సాగలేదు.

ఆ కొండపల్లెల బాలురకు చదువుకొనుటకు నాడు రెండే దారులుండెను. కలిగినవారు తమ బిడ్డలను ఒహాకా నగరమునకు పంపి, వారి భోజనమునకు సొమ్ము చెల్లించి చదివించుకొనుచుండిరి. లేనివారు తమ బిడ్డలను నగరములోని సంపన్నుల ఇండ్ల సేవకులుగా ఉంచి, జీతమునకు బదులుగా వారికి చదువను వ్రాయను నేర్పవలెనని ఒప్పందము చేసికొనుచుండిరి. చాకిరి చేసిననే గాని ఆ బిడ్డలకు అక్షరము దొరకెడిది కాదు. ఈ రెండవ దారియైనను తనకు లభించినచో చాలునని బెనీటో పినతండ్రిని పలుమారులు వేడుకొనెను. పినతండ్రి సరే యనుచునే వాయిదా వేయుచుండెను. బాలుని మనస్సులో పోరాటము మొదలయ్యెను. ఒక వంక తనను పెంచిన పినతండ్రి, తోడి ఆటగాండ్రు, పుట్టిన ఊరు. మరియొక వంక చదువు.

1818వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఆ పోరాటము ముగిసెను. గొర్రెల మందలో ఒక గొర్రె పోయినదనియు, పినతండ్రి దండించునను భయముచేత బాలుడు పారిపోయెననియు జనులు కథగా చెప్పుకొందురు. హువారెజ్ పెద్దవాడైన పిమ్మట తన బిడ్డల కొరకు వ్రాసియుంచిన స్వీయచరిత్రములో మాత్రము చదువు కోరికయే తనను ఇల్లు విడిపించినదని తెలిపెను. కారణమేదైనను ఆనాడు పన్నెండేండ్ల బాలుడొకడు, చేతిలో కాసు లేక, తోడు లేక, కొండదారుల వెంట సుమారు 60 కిలోమీటర్లు నడచి, ఆ రాత్రికే ఒహాకా నగరము చేరెను.

ఆ నగరములో అతని అక్క జోసెఫా, ఆంటోనియో మాసా అను వర్తకుని ఇంట వంటపని చేయుచుండెను. బాలుడు ఆమెను వెదకికొని పోయెను. మాసా దయగలవాడు, బాలునకు తన ఇంట తావిచ్చెను. ఒహాకా ప్రాంతమున నాగజెముడు జాతి మొక్కలపై పెరుగు చిన్న పురుగులనుండి మేలైన ఎర్రరంగును తీయుదురు. ఆ రంగు నాడు ఐరోపా దేశములకు ఎగుమతి యగుచుండెను. ఆ పురుగుల పెంపకమునకు సంబంధించిన పనిలో బాలునకు దినమునకు రెండు రేయల్ నాణెముల కూలి దొరకెను. కొన్ని దినములు అట్లు గడచిన పిదప, 1819వ సంవత్సరము జనవరి 7వ తేదీన, అతడు ఆంటోనియో సలనువేవా అను నతని ఇంట చేరెను. ఈ సలనువేవా దైవభక్తిపరుడు. పుస్తకములకు అట్టలు కట్టి జీవించువాడు. బాలుని చేత ఇంటిపని చేయించుకొనుచు, పుస్తకములు కుట్టు పనిని నేర్పుచు, అతనిని బడికి పంపుటకు ఒప్పుకొనెను.

ఎంతో కాలముగా కలలుగన్న బడి బెనీటోకు చేకూరినది. కాని ఆ బడి ఎట్లుండెను? చదువుట, వ్రాయుట, మత ప్రశ్నోత్తరములను కంఠస్థము చేయుట, ఇంతే. స్పానిషు మాతృభాషగా గల పిల్లలకు చెప్పు రీతినే ఆ భాష ఎరుగని సాపోటెక్ బాలునకును చెప్పుచుండిరి. వ్యాకరణము నేర్పువారు లేరు. అర్థము తెలియని మాటలను వల్లె వేయుటచేత భాష ఎట్లు అబ్బును? పురోగతి కనబడకపోవుటచేత బెనీటో ఆ బడి మాని, రాచబడి యనబడు మరియొక పాఠశాలలో చేరెను. అచట అంతకంటె కష్టమైన అనుభవము ఎదురయ్యెను. ఉపాధ్యాయుడు గొప్పవారి బిడ్డలకు తానే పాఠము చెప్పుచు, బెనీటో వంటి బీద బాలురను వేరొక గదిలో సహాయకుని క్రింద కూర్చుండబెట్టెడివాడు. ఒకనాడు బెనీటో వ్రాసి చూపిన కాగితములో తప్పులుండెను. ఆ తప్పులెట్టివో చెప్పి దిద్దుటకు బదులుగా ఉపాధ్యాయుడు కోపించి, బాలుని దండింపుమని ఆజ్ఞాపించెను. నేర్పని దానికి శిక్ష విధించుట అన్యాయమని ఆ బాలునకు తోచెను. అతడా బడిని విడిచిపెట్టి, నేర్చిన కొద్దిపాటి అక్షరములను తనంత తానే సాధన చేసికొనెను. తన చేవ్రాత చివరివరకు బాగుపడలేదని ఆయనయే తరువాత వ్రాసికొనెను. ఆ రెండు గదుల సంగతిని మాత్రము ఆయన జీవితాంతము మరువలేదు.

బాలురకు ఉన్నత విద్య దొరకు చోటు నాడా నగరమున ఒక్కటే యుండెను. అది మతగురువులను తయారుచేయు విద్యాలయము. 1821వ సంవత్సరము అక్టోబరులో బెనీటో అందు చేరి లాటిను వ్యాకరణము, పిమ్మట తత్త్వశాస్త్రము అభ్యసించెను. ఆ యేడాదియే మెక్సికో స్పెయిన్ పాలననుండి విముక్తి పొందెను. ఇచట ఒక వింత కలదు. బడిలో బెనీటోకు అడ్డమైన అతని జాతియు భాషయు దేవాలయములో అర్హతలుగా పరిగణింపబడెను. కొండపల్లెలలో మతబోధ చేయుటకు అచటి భాషలెరిగిన గురువులు కావలసియుండిరి. ఇతరులకు ఆస్తి చూపిననే గాని గురుపదవి లభించెడిది కాదు; స్వదేశ జాతీయులకు ఆ నిబంధన లేదు. కావున బెనీటో కొద్దిపాటి చదువుతోనే గురువై స్థిరపడవచ్చునని సలనువేవా ఆశించెను. కాని ఆ వృత్తిపై యువకునకు మనస్సు లేదు. తనకు తండ్రివంటివాని మాటను తోసివేయలేక, తన కోరికను చంపుకొనలేక అతడు కొన్ని యేండ్లు సతమతమయ్యెను.

1827లో ఒహాకా రాష్ట్ర ప్రభుత్వమువారు శాస్త్ర కళా సంస్థ యను నూతన విద్యాలయమును తెరచిరి. అందు న్యాయశాస్త్రము, భౌతికశాస్త్రము మున్నగునవి బోధించుచుండిరి. మతపెద్దలకు ఆ సంస్థ గిట్టలేదు. అందు చదువువారిని నాస్తికులని నిందించుచుండిరి. ఆ నిందకు జంకక బెనీటో 1828లో అందు చేరి న్యాయశాస్త్రమును చదువనారంభించెను. 1830లో అదే సంస్థలో భౌతికశాస్త్రమును బోధించు బాధ్యత అతనికి అప్పగింపబడెను. పండ్రెండేండ్ల క్రిందట అక్షరము కొరకు కొండలు దిగివచ్చిన బాలుడు ఇట్లు అధ్యాపకుడయ్యెను. 1831లో నగర సభ్యుడుగను, 1833లో రాష్ట్ర శాసనసభ్యుడుగను ఎన్నికయ్యెను. 1834లో న్యాయవాది పట్టమును పొందెను.

న్యాయవాదియైన వెంటనే ఒక పరీక్ష ఎదురయ్యెను. లోక్సీచా అను గ్రామపు పేద ప్రజలు తమ గ్రామ మతగురువు అధిక రుసుములు లాగుచున్నాడని ఫిర్యాదు చేసిరి. హువారెజ్ వారి పక్షమున నిలిచెను. కాని ఇంతలో ప్రభుత్వము మారెను. ఫిర్యాదు చేసిన గ్రామస్థులను చెరలో వేసిరి. వారిని విడిపింపబోయిన న్యాయవాదిని కూడ చెరసాలకు పంపిరి. కొన్ని దినములకు ఆయన విడుదలయ్యెను. చదువును పలుకుబడియు లేనివానికి చట్టము కూడ అక్కరకు రాదని ఆయన ఆ చెరలో కన్నులార చూచెను. ఇట్టి అన్యాయములను తొలగించుటకు పాటుపడవలెనని ఆనాడే ఆయన నిశ్చయించుకొనెను.

1843వ సంవత్సరము జూలై 31వ తేదీన హువారెజ్ మార్గరీటా మాసాను వివాహమాడెను. ఏ ఇంట తన అక్క వంట చేయుచుండెనో, ఏ ఇంట తాను మొదటి రాత్రి తలదాచుకొనెనో ఆ ఇంటి పెంపుడు కుమార్తెయే ఆమె. తరువాతి కష్టకాలములో ఆమె ఆయనకు గొప్ప తోడయ్యెను.

1847వ సంవత్సరము అక్టోబరులో హువారెజ్ ఒహాకా రాష్ట్రమునకు గవర్నరు అయ్యెను. అది దుర్దినముల కాలము. అమెరికా సంయుక్త రాష్ట్రములతో జరుగుచుండిన యుద్ధములో మెక్సికో ఓడిపోయి, 1848లో తన భూభాగములో సుమారు సగమును కోల్పోయెను. అట్టి సమయమున ఒక సాపోటెక్కు గవర్నరగుట కొండజనులకు నమ్మరాని వార్త. వారు తమ పంటలను కానుకలుగా తీసికొని కొండలు దిగి వచ్చిరనియు, గవర్నరు ఇంటి వసారాలో పండుకొనిరనియు, తమకు ఏమి లోటో తమవానికి వేరుగా చెప్పనేల యని తలంచిరనియు చెప్పుదురు. ఆయనకు నిజముగనే చెప్పనక్కరలేదు.

గవర్నరుగా ఆయన తలపెట్టిన కార్యములలో పాఠశాలలు ముఖ్యమైనవి. కాని కొండపల్లెలో బడి తెరచుట ఎంత కష్టమో ఇచట కొంచెము వివరింపవలెను. ఊళ్లు చిన్నవి; ఒక ఊరినుండి మరియొక ఊరికి దారి లేదు. ఒక ఊరి ఆదాయము ఒక ఉపాధ్యాయుని జీతమునకైనను చాలదు. విత్తునప్పుడును కోయునప్పుడును పిల్లలు పొలములో ఉండవలసినదే. నగరమున చదివినవాడు కొండపల్లెకు పోయి ఉండుటకు ఇష్టపడడు. పోయినను అతనికి పిల్లల భాష రాదు, పిల్లలకు అతని భాష రాదు. ఈ చిక్కులన్నింటికిని మూలము పేదరికమని హువారెజ్ స్పష్టముగా గుర్తించెను. తినుటకు లేని తండ్రికి బిడ్డ చదువు ఎంతో దూరమున నున్న మేలుగా కనబడుననియు, బిడ్డ నేడు తెచ్చు కూలియే అతనికి దగ్గరి మేలుగా తోచుననియు ఆయన గ్రహించెను. కావున తండ్రులను నిందించుటతో ఆయన తృప్తిపడలేదు. పాఠశాలలతో పాటు రహదారులను వేయించెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకు శిక్షణ పాఠశాలలను ఏర్పరచెను. బాలికలకును విద్య కావలెనని పట్టుబట్టెను. ఆ కాలమున ఇది సాహసమే. 1852లో పదవి ముగిసిన పిమ్మట తాను చదివిన శాస్త్ర కళా సంస్థకే ఆయన అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమునందే ఆయన నడవడిని తెలుపు ఒక సంగతి జరిగెను. దేవాలయముల లోపల శవములను పూడ్చరాదనియు, ఊరి వెలుపలి శ్మశానమునకే కొనిపోవలెననియు ప్రభుత్వ నిబంధన యుండెను. గవర్నరుల కుటుంబములకు దానినుండి మినహాయింపు కలదు. 1850లో హువారెజ్ కుమార్తె గ్వాదలూపే పసిబిడ్డగనే మరణించెను. ఆయన మినహాయింపును వాడుకొనక, బిడ్డను సామాన్యుల శ్మశానమునకే స్వయముగా కొనిపోయెను. రాచబడిలో గొప్పవారికొక గది, బీదలకొక గది చూచినవాడు మరణములోనైనను రెండు గదులను ఒప్పుకొనలేదు.

1853లో సాంటా అన్నా అను సేనాని నిరంకుశుడై అధికారమును చేజిక్కించుకొని హువారెజ్‌ను బంధించి దేశమునుండి వెడలగొట్టెను. ఆయన హవానా మీదుగా అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరము చేరి, అచట చుట్టలు చుట్టి పొట్టపోసికొనెను. రాష్ట్రమునేలినవాడు చుట్టలు చుట్టుటకు సిగ్గుపడలేదు. ఇచట మార్గరీటా ఏట్లా అను ఊరిలో చిన్న దుకాణము నడపి బిడ్డలను పోషించెను. 1855లో సాంటా అన్నా పతనముతో హువారెజ్ తిరిగివచ్చి న్యాయశాఖ మంత్రియయ్యెను. సైనికులకును మతాధికారులకును వేరువేరు న్యాయస్థానములుండి, వారిపై సామాన్యుడు వేసిన దావా ఎప్పుడును నెగ్గకుండెను. ఆ ప్రత్యేక హక్కులను తగ్గించు చట్టమును ఆయన 1855వ సంవత్సరము నవంబరులో వెలువరించెను. అది నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. లోక్సీచా గ్రామస్థుల చెరకు అది యొక జవాబు వంటిది.

1857లో నూతన రాజ్యాంగము ఏర్పడెను. దానిని సహింపనివారు తిరుగుబాటు చేయగా, 1858వ సంవత్సరము జనవరిలో, ప్రధాన న్యాయస్థానమునకు అధ్యక్షుడుగా నుండిన హువారెజ్‌పై దేశాధ్యక్ష పదవి పడెను. మూడేండ్ల అంతర్యుద్ధమునకు పిమ్మట ఆయన పక్షము గెలిచెను. కాని ఖజానా శూన్యము. 1861లో విదేశ ఋణముల చెల్లింపును నిలిపివేయగా, ఆ నెపముతో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ సేనలను పంపెను. 1862వ సంవత్సరము మే 5వ తేదీన ప్యూబ్లా నగరమువద్ద మెక్సికనులు వారిని ఓడించిరి. కాని మరుసటి యేడు రాజధాని శత్రువుల వశమయ్యెను. ఆస్ట్రియా రాజవంశీయుడైన మాక్సిమిలియన్‌ను ఫ్రెంచివారు మెక్సికోకు చక్రవర్తిగా నిలిపిరి. హువారెజ్ లొంగలేదు. ప్రభుత్వమును ఒక నల్లని గుర్రపుబండిలో వెంటబెట్టుకొని, ఊరినుండి ఊరికి ఉత్తర దిశగా పోయి, దేశపు చివరి సరిహద్దు పట్టణమైన పాసో డెల్ నార్టే వరకు చేరెను గాని సరిహద్దు దాటలేదు. ఆ దినములలోనే, దూరదేశమున తల్లితో నుండిన ఆయన కుమారులిద్దరు మరణించిరి. 1867లో ఫ్రెంచి సేనలు వెడలిపోయెను. మాక్సిమిలియన్ పట్టుబడి జూన్ 19వ తేదీన మరణదండన పొందెను. జూలై 15వ తేదీన హువారెజ్ రాజధానిని ప్రవేశించెను.

యుద్ధము ముగిసి అయిదు నెలలు కూడ నిండకమునుపే, 1867వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన, ఆయన ప్రభుత్వము విద్యాచట్టమును ప్రకటించెను. రాజధాని ప్రాంతములోను కేంద్రపాలిత ప్రదేశములలోను ప్రాథమిక విద్య నిర్బంధమయ్యెను, పేదలకు ఉచితమయ్యెను. గాబీనో బర్రేదా అను విద్వాంసుని నాయకత్వమున జాతీయ ఉన్నత పాఠశాల 1868లో తెరవబడెను. దినము గడుచుటయే కష్టమైన దేశములో బడులకు సొమ్మెక్కడిదని అడుగువారు లేకపోలేదు. బడి లేనిచో దినము ఎన్నటికిని గడవదని ఆయన నమ్మకము.

1871వ సంవత్సరము జనవరిలో మార్గరీటా కన్నుమూసెను. మరుసటి యేడు, 1872వ సంవత్సరము జూలై 18వ తేదీన, గుండెజబ్బుచే హువారెజ్ తన అధికార నివాసమునందే మరణించెను. ఆయన పుట్టిన కొండలకు నేడు హువారెజ్ పర్వతములని పేరు. ఒహాకా నగరము పేరులోను, ఆయన ఆశ్రయించిన సరిహద్దు పట్టణము పేరులోను ఆయన పేరు చేరినది. ఆయన చదివిన సంస్థ ఆయన పేరిట విశ్వవిద్యాలయమయ్యెను. మన దేశ రాజధాని యగు ఢిల్లీలో ఒక మార్గమునకు కూడ ఆయన పేరు కలదు.

మహనీయుల చరిత్రలో వెలితిని దాచుట మేలు కాదు. హువారెజ్ పక్షమువారు 1856లో తెచ్చిన భూచట్టము మతసంస్థల భూములతోపాటు గ్రామముల ఉమ్మడి భూములను కూడ విడదీయుటకు దారితీసెను. దానివలన స్వదేశ జాతుల పల్లెలు కాలక్రమమున చాల నష్టపోయెను. ఆయన తెరపించిన బడులలో బోధన స్పానిషులోనే జరిగెను. చట్టముతో బడులు వెంటనే కొండలెక్కలేదు. ఆయన మరణించిన మూడేండ్లకు, 1875లో, దేశమంతట సుమారు 8,000 ప్రాథమిక పాఠశాలలుండెను. బడి యీడు పిల్లలు ఐదుగురిలో ఒకరికి మాత్రమే చదువు అందుచుండెను. ఆ ఒకరిలో కొండపల్లె బిడ్డ అరుదు.

బిడ్డ భాషలోనే మొదటి పాఠము చెప్పవలెనను తలంపు మెక్సికో ప్రభుత్వమునకు కలుగుటకు చాల కాలము పట్టెను. 1921లో విద్యామంత్రిత్వ శాఖ ఏర్పడి గ్రామీణ పాఠశాలలు విస్తరించెను. అవియు స్పానిషునే నమ్ముకొనెను. 1939లో మిచోవకాన్ రాష్ట్రమున పురేపెచా జాతి పిల్లలకు ముందు స్వభాషలో చదువ వ్రాయ నేర్పి, పిమ్మట స్పానిషు నేర్పు ప్రయత్నము జరిగెను. 2003లో చేసిన చట్టము స్వదేశ భాషలన్నింటిని స్పానిషుతో పాటు జాతీయ భాషలుగా గుర్తించెను. మెక్సికోలో అట్టి భాషా సముదాయములు 68 అని ప్రభుత్వ గణన. అయినను కష్టము తీరలేదు. సాపోటెక్ భాషయే లోయకొక రీతిగా మారుచుండును. ఒక లోయవాని మాట మరియొక లోయవానికి తెలియకపోవచ్చును. ఒక యాసనెరిగిన ఉపాధ్యాయుని వేరొక యాసగల ఊరికి పంపినచో బిడ్డకు మరల అదే పరాయి బడి. గెలటావోనుండి ఒక రేడియో కేంద్రము సాపోటెక్ మున్నగు కొండభాషలలో ప్రసారములు చేయుచున్నది. హువారెజ్ చెవినబడని స్వభాషా పాఠము ఆ ఊరి గాలిలోనైనను నేడు వినబడుచున్నది.

బాలబాలికలారా! ఆ బాలునకు లేనిది మీకు కలదు. మన దేశములో భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడెను. మీ తెలుగు బడి ఎంత చిన్నదైనను, దానిలో అయిదుగురే పిల్లలున్నను, గెలటావో బాలుడు 60 కిలోమీటర్లు నడచి వెదకినను దొరకనిది అదియే. అట్లని మీరు నివసించు రాష్ట్రపు భాషను తక్కువగా చూడకుడు. దానిని కూడ చక్కగా నేర్వుడు. రాజభాషను నేర్చుటచేతనే గదా హువారెజ్ తనవారి పక్షమున వాదింపగలిగెను!

తల్లిదండ్రులకు ఒక మాట. హువారెజ్ తన బాల్యమును గూర్చి, తన పల్లెను గూర్చి బిడ్డల కొరకు వ్రాసియుంచినది స్పానిషు భాషలో. కొరడా తెచ్చి పినతండ్రి చేతికిచ్చిన సంగతి, కొండలు దిగి నడచిన సంగతి, ఆ అనుభవములన్నియు సాపోటెక్ పల్లెలో కలిగినవే; కాని వానిని బిడ్డలకు అందించుటకు వేరొక భాష కావలసివచ్చెను. మన పెద్దల కథలను మన బిడ్డలకు వారి భాషలోనే చెప్పగల భాగ్యము మనకు ఇంకను మిగిలియున్నది. ఏటేట బడి చేరిక పుస్తకములో మన బిడ్డ పేరు వ్రాయించినంత కాలము అది మిగిలియుండును.